పైలట్, సెయిలర్, ప్లాటినం: తెలుగు రాసే చేతికి ఏ పాళీ?

అందరికీ నమస్కారం.

పైలట్ అనే పేరు మనలో చాలామందికి పరీక్ష హాల్లోనే పరిచయం. లక్సర్ కంపెనీ మన దేశంలో అమ్మిన పైలట్ వీ5 జేబులో పెట్టుకుని టెన్త్, ఇంటర్ రాసినవాళ్ళు ఇక్కడ కూడా ఉండే ఉంటారు. జపాన్‌కు చెందిన ఈ పైలట్ కంపెనీ అసలు మొదలైంది ఇంకు పెన్నులతో. నౌకాయాన విద్యాలయంలో పాఠాలు చెప్పిన ర్యోసుకే నమికి, ఆయన మిత్రుడు మసావో వాదా కలిసి 1918లో టోక్యోలో దాన్ని పెట్టారు. అంతకు ఏడేళ్ళ ముందే, 1911లో, హిరోషిమా దగ్గర నౌకాదళ పట్టణమైన కురేలో క్యూగోరో సకాతా సెయిలర్‌ను మొదలుపెట్టాడు. 1919లో షునిచి నకాతా ప్లాటినంకు పునాది వేశాడు. మూడూ నూరేళ్ళు దాటి ఇంకా నడుస్తున్నాయి. మూడూ తమ బంగారు పాళీలను తామే చేసుకుంటాయి. యూరప్‌లో పేరున్న పెన్నుల కంపెనీలు చాలావరకు జర్మనీలోని బాక్, జోవో దగ్గర పాళీలు కొని బిగిస్తాయి. జపాన్‌లో ఈ మూడూ అలా చేయవు కాబట్టే ఒక్కోదాని రాతకు ఒక్కో స్వభావం ఉంటుంది. నేను ఈరోజు మాట్లాడేది ఆ స్వభావం గురించే, అదీ తెలుగు రాసేవాడిగా.

జపాన్ పాళీలు సన్నగా ఉంటాయి. వాళ్ళ ఫైన్ దాదాపు యూరప్ వాళ్ళ ఎక్స్‌ట్రా ఫైన్‌తో సమానం. చిన్న గడిలో పదిహేను, ఇరవై గీతలున్న కాంజీ అక్షరం (జపాన్ రాతలో వాడే చైనా అక్షరం) పట్టాలంటే గీత సన్నగా ఉండక తప్పదు. మన అవసరమూ దానికి దగ్గరే. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటలు లావు పాళీతో, రూళ్ళ కాగితం మీద రాసి చూడండి. వత్తులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి నల్లటి మచ్చ మిగులుతుంది. ఇంతవరకు జపాన్ వాళ్ళకీ మనకీ పోలిక కుదిరింది. అయితే వాళ్ళ అక్షరంలో నిలువు గీతలు, అడ్డ గీతలు, పాళీ ఆగే చోట్లు, విదిలింపులు ఉంటాయి. మన అక్షరం గుండ్రం. పాళీ కాగితం వదలకుండా చుట్టూ తిరగాలి, తిరిగిన చోట అదుపు తప్పకూడదు. నా ఇష్టాయిష్టాలన్నీ ఇక్కడి నుంచే పుట్టాయి.

పైలట్ పాళీ హాయిగా జారుతుంది. ఇంకు ధారాళంగా వస్తుంది, కొద్దిగా స్ప్రింగులా ఆడుతుంది. పెట్టె తెరిచిన నిమిషం నుంచే ఏ మరమ్మతూ లేకుండా రాస్తుంది. నమ్మకంలో దీనికి సాటి లేదు. వాళ్ళు పెన్నులకు పెట్టే నంబర్లకు కూడా ఒక లెక్క ఉంది. కస్టమ్ 74 అంటే కంపెనీకి 74 ఏళ్ళు నిండిన 1992లో వచ్చిన పెన్ను. కస్టమ్ 823లో 82 అంటే 2000వ సంవత్సరం, చివరి 3 అంటే అప్పటి ధర ముప్పై వేల యెన్‌లు. 912 అంటే 2009, ఇరవై వేలు. ఈ 823 వాక్యూమ్‌తో ఇంకు పీల్చుకుంటుంది, బ్యారెల్ నిండా పడుతుంది. రాసేటప్పుడు వెనక మర కాస్త వదులు చేయాలి, లేకపోతే కొన్ని పేజీలకే ఇంకు రావడం ఆగుతుంది. ఈ సంగతి తెలియక మంచి పెన్నును పాడైందనుకునేవాళ్ళున్నారు.

1963లో వచ్చిన క్యాప్‌లెస్ కూడా పైలట్‌దే. బాల్‌పెన్నులా నొక్కితే బంగారు పాళీ బయటికొస్తుంది. ఇంజనీరింగ్‌గా అద్భుతం, కానీ క్లిప్పు పాళీ వైపే ఉంటుంది. వేళ్ళు పట్టుకునే చోటికే అది అడ్డొస్తుంది కాబట్టి కొనేముందు తప్పక చేతిలో పట్టుకుని చూడండి.

ఇంత మెచ్చుకుంటున్నా నా మొదటి ఎంపిక పైలట్ కాదు. గుండ్రటి అక్షరం వేగంగా రాసేటప్పుడు ఆ జారుడు నాకు ఎక్కువైపోతుంది. ‘ఠ’, ‘ఢ’ నేను అనుకున్న దానికంటే వెడల్పుగా పడతాయి. ఇంగ్లీషు రాయడానికి మాత్రం ఇప్పటికీ పైలట్టే తీస్తాను.

ప్లాటినం గట్టి పాళీ. వాళ్ళ ముఖ్యమైన పెన్ను 3776. ఫుజి పర్వతం ఎత్తు 3,776 మీటర్లు, పేరు అదే. మొదట 1978లో వచ్చింది. 2011లో సెంచరీ పేరుతో మళ్ళీ తెచ్చినప్పుడు క్యాప్ లోపల స్ప్రింగుతో నొక్కే ఇంకో చిన్న మూత పెట్టారు. ఈ మూత వల్ల పెన్ను వాడకుండా పక్కన పెట్టినా రెండేళ్ళు ఇంకు ఎండదని కంపెనీ చెబుతుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఉండేవాళ్ళకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. వారానికోసారి ఉత్తరమో డైరీయో రాసే అలవాటున్నవాళ్ళు ఇంకేమీ ఆలోచించకుండా ప్లాటినం తీసుకోవచ్చు. వాళ్ళ చవక పెన్ను ప్రెప్పీలో కూడా ఇలాంటి మూతే ఉంది. అంత తక్కువ ధర పెన్నుకీ ఆ జాగ్రత్త తీసుకున్నారంటే నాకు ఆ కంపెనీ మీద గౌరవం.

ఇక సెయిలర్. నా చేతికి నచ్చింది ఇదే. చక్కగా చెక్కిన పెన్సిల్‌తో రాస్తున్నట్టు, కాగితం తగులుతున్న సంగతి వేళ్ళకు తెలుస్తూ ఉంటుంది. ఇది గీరడం కాదు. గీరే పాళీ కాగితం పీచు లేపుతుంది, సెయిలర్ అలా చేయదు. ఆ కాస్త పట్టు వల్లే సున్నా చుట్టేటప్పుడు, కొమ్ము దీర్ఘం తిప్పేటప్పుడు పాళీ నేను ఆపిన చోట ఆగుతుంది. ఫైన్‌కూ మీడియంకూ మధ్య వాళ్ళు చేసే మీడియం ఫైన్ 14 క్యారెట్ పాళీ తెలుగుకు సరిగ్గా సరిపోతుందని నా అభిప్రాయం. పెద్ద పెన్నులకు 21 క్యారెట్ పాళీ పెడతారు. బంగారం ఎక్కువైతే ఎక్కువ వంగుతుందని ఆశపడకండి, అది కూడా గట్టిదే. సెయిలర్ లోపం ఒకటుంది. సీసాలోంచి ఇంకు పీల్చి నింపుకునే లోపలి గొట్టం, కన్వర్టర్, చాలా చిన్నది. రోజూ పేజీలకు పేజీలు రాసేవాళ్ళు ఇంకు సీసా దగ్గర పెట్టుకోవాల్సిందే.

సెయిలర్ గురించి మాట్లాడుతూ నొబుయోషి నగహరా పేరు చెప్పకపోతే తప్పవుతుంది. పాళీ కొనను పొడవుగా, ఏటవాలుగా అరగదీసే నగినాతా తోగి పద్ధతికి మళ్ళీ ప్రాణం పోసిన పనివాడు. 2015లో కన్నుమూశారు. ఆ పాళీతో పెన్ను వాల్చి రాస్తే గీత లావు, నిలబెట్టి రాస్తే సన్నం. కుంచెతో రాసినట్టు కాంజీ గీతల్లో వచ్చే తేడా పెన్నుతోనే రాబట్టాలన్నది దాని ఉద్దేశం. మన అక్షరాల్లో ఆ తేడా అంతగా పలకదు. ధర చూస్తే కేవలం తెలుగు కోసం కొనమని నేను చెప్పను. కానీ ఒక లిపి మీద ప్రేమతో ఒక మనిషి లోహాన్ని అంతలా సాధించాడన్నది నన్ను కదిలిస్తుంది.

మన దగ్గర ఆ పట్టుదల లేదా? ఉంది. స్వదేశీ వస్తువులు చేయమన్న గాంధీ గారి మాట మీద రాజమండ్రిలో కె.వి. రత్నం గారు పెన్నులు చేసి పంపారు, 1935లో గాంధీ గారు మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. రత్నం పెన్నులు ఎబొనైట్‌వి, అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. లేత్ మీద చేత్తో తిప్పి చేసినవి. తొలినాళ్ళ జపాన్ పెన్నులూ ఎబొనైటే. ఎండ తగిలితే దాని నలుపు వెలిసిపోతుంది. ఉరుషి చెట్టు పాల నుంచి తీసే పూతతో నమికి కంపెనీ, అంటే ఇప్పటి పైలట్, ఆ ఇబ్బందిని దాటింది. ఆ పూత మీద బంగారు పొడితో బొమ్మలు వేయించింది. గొన్రోకు మత్సుదా లాంటి కళాకారులు అక్కడ పనిచేశారు, 1930 నుంచి లండన్ డన్‌హిల్ ఆ పెన్నులను ప్రపంచమంతా అమ్మింది. ఈరోజుకీ ప్లాటినంలో రిటైరైన పనివాళ్ళతో మొదలైన నకాయా అదే ఎబొనైట్, అదే ఉరుషితో పెన్నులు చేస్తోంది. రాజమండ్రి పనితనానికీ ఇలాంటి పూత ఒకటి, సొంత బంగారు పాళీ ఒకటి దొరకాలని నా కోరిక.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు పైలట్ కాకునో గానీ ప్లాటినం ప్రెప్పీ గానీ ఫైన్ పాళీతో తీసుకోండి. ఈ మూడింటిలో ఒక కంపెనీ కార్ట్రిడ్జ్, అంటే ఇంకు నింపి అమ్మే గొట్టం, ఇంకో కంపెనీ పెన్నుకు పట్టదు, అది చూసుకోండి. పలచటి నోటు పుస్తకంలో ఇంకు పాకితే పెన్నును తిట్టకండి, ముందు కాగితం మార్చండి. ఈ బల్ల మీద మూడు కంపెనీల పెన్నులూ నింపి పెట్టాను. చాలామంది పెన్ను చూడగానే ఇంగ్లీషులో సంతకం చేసి పెట్టేస్తారు. మీరు మాత్రం మీ ఊరి పేరు, ఒక నాలుగు వరసల తెలుగు రాసి చూడండి. రాస్తూనే ప్రశ్నలు అడగండి.