చెరువు గట్టు మీదకి ఏ ఫోన్? గెలాక్సీ ఏ36, నథింగ్ 3ఏ, మోటో ఎడ్జ్ 60 ఫ్యూజన్

నమస్కారం అండి, బాగున్నారా? టేబుల్ మీద మూడు ఫోన్లున్నాయి. ఈ చివరన శాంసంగ్ గెలాక్సీ ఏ36, మధ్యలో నథింగ్ ఫోన్ 3ఏ, ఆ చివరన మోటోరోలా ఎడ్జ్ 60 ఫ్యూజన్. మూడూ 2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో మన దేశంలోకి వచ్చాయి. వచ్చినప్పుడు శాంసంగ్ 32,999 రూపాయల నుంచి, నథింగ్ 24,999 నుంచి, మోటో 22,999 నుంచి మొదలయ్యాయి. ఇప్పుడు ఆఫర్లను బట్టి ధర మారిపోతుంటుంది కాబట్టి కొనే రోజున ఒకసారి చూసుకోండి.

ఉండి దగ్గర నుంచి ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, నాన్న రొయ్యల చెరువులు చూసుకుంటారు, రాత్రీ పగలూ గట్టు మీదే ఉంటారు, ఆయనకి ఏ ఫోన్ తీసుకోను?" అని. భీమవరం, ఆకివీడు, పాలకొల్లు, రాజోలు వైపు నుంచి ఇలాంటి ప్రశ్నలే ఎక్కువ వస్తున్నాయి. అందుకే ఇవాళ గేమింగ్ స్కోర్ల జోలికి పోవట్లేదు. మన డెల్టాలో ఫోన్లు పాడయ్యేది నీళ్ల వల్ల, విసుగు తెప్పించేది సిగ్నల్. ముందు అవి తేలితే మిగతావి తర్వాత.

నీళ్లతో మొదలుపెడదాం. ఫోన్ దుమ్మునీ, నీళ్లనీ ఎంతవరకు ఆపుతుందో చెప్పేది ఐపీ రేటింగ్. మోటోకి ఐపీ68, ఐపీ69 రెండూ ఉన్నాయి. శాంసంగ్‌కి ఐపీ67, నథింగ్‌కి ఐపీ64. ఇందులో మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీళ్లకి. మొదటి అంకె మూడింటికీ 6 కాబట్టి దుమ్ము గురించి బెంగ లేదు. తేడా అంతా రెండో అంకెలోనే ఉంది. 4 అంటే ఏ వైపు నుంచి నీళ్లు చిందినా తట్టుకుంటుంది. వానలో నిలబడి మాట్లాడుకోవచ్చు, అంతవరకే. మునిగితే మాత్రం హామీ లేదు. 7 అంటే మీటరు లోతులో అరగంట. 8 అంటే అంతకన్నా ఎక్కువ, ఎంత లోతు, ఎంతసేపు అన్నది కంపెనీయే చెప్పాలి. మోటో విషయంలో అది ఒకటిన్నర మీటర్లు, అరగంట. 9 అంటే వేడినీళ్లు గట్టి ఒత్తిడితో కొట్టినా ఆగుతుందని. ఆ చివరిదాంతో మనకి పెద్ద పని లేదు, మోటార్ పైపు నీళ్లు మీద పడినా భయం లేదనుకోండి, చాలు.

ఇప్పుడు చెప్పేది కాస్త జాగ్రత్తగా వినండి. ఈ పరీక్షలన్నీ మంచినీళ్లలో చేస్తారు. మన చెరువు నీళ్లు అలాంటివి కావు. వనామీ రకం రొయ్య వేసిన చెరువులో ఎంతో కొంత ఉప్పు ఉంటుంది, అంతర్వేది, నరసాపురం వైపు సముద్రానికి దగ్గరగా వెళ్లేకొద్దీ అది ఇంకా పెరుగుతుంది. ఉప్పునీళ్లలో కరెంటు తేలిగ్గా పారుతుంది. నీళ్లు ఫోన్ లోపలికి వెళ్లక్కర్లేదు. ఇదిగో, ఈ ఛార్జింగ్ పోర్టు చూడండి, దగ్గరగా చూపిస్తాను. మధ్యలో నాలుకలా సన్నగా ఒక పలక ఉంది కదా, దాని మీద బంగారు రంగులో గీతల్లా కనపడేవే పిన్నులు. అక్కడ ఒక్క ఉప్పునీటి చుక్క మిగిలి ఉండగా మీరు కేబుల్ పెట్టారంటే ఆ పిన్నులకి కిలుం పడుతుంది. ఇవాళ ఛార్జింగ్ ఎక్కుతుంది, రేపూ ఎక్కుతుంది, కొన్నాళ్లకి కేబుల్ ఒక పక్కకి వంచి పట్టుకుంటే తప్ప ఎక్కదు. మన వైపు మొబైల్ రిపేర్ షాపుల్లో అడగండి, పోర్టు మార్చమని వచ్చేవాళ్లు ఎంతమందో చెబుతారు.

అందుకని చెరువులో పడితే ఏం చేయాలంటే, తీసిన వెంటనే మంచినీళ్లతో పైపైన కడగండి. ఐపీ67, ఐపీ68 ఫోన్ అయితేనే సుమా, నథింగ్‌ని అయితే కుళాయి కింద పెట్టకండి, తడిగుడ్డతో తుడవండి. తర్వాత పోర్టు కిందికి ఉండేలా పట్టుకుని అరచేతి మీద నెమ్మదిగా తట్టండి. గాలి తగిలే చోట పెట్టి, పూర్తిగా ఆరేదాకా ఛార్జింగ్ పెట్టకండి. బియ్యం డబ్బాలో మాత్రం పెట్టొద్దు. ఇంట్లో పెద్దవాళ్లు ముందు చెప్పేది అదే, ప్రేమతోనే చెబుతారు, కానీ బియ్యం నూక, తవుడు పోర్టులోకి పోయి ఇంకా చెడగొడతాయి. 2024లో ఆపిల్ కంపెనీ కూడా తమ ఫోన్లను బియ్యంలో పెట్టొద్దని సపోర్ట్ పేజీలో రాసింది.

ఇంకో సంగతి. డబ్బా మీద ఐపీ68 అని ఎంత పెద్దగా రాసినా, నీళ్లు పోయి పాడైతే మామూలు వారంటీ వర్తించదు. దాదాపు అన్ని కంపెనీలదీ ఇదే పద్ధతి. చాలా ఫోన్లలో సిమ్ ట్రే లాగి లోపలికి టార్చ్ వేస్తే చిన్న తెల్ల స్టిక్కర్ కనపడుతుంది. తడి తగిలితే అది ఎర్రబడుతుంది. సర్వీస్ సెంటర్లో ముందు చూసేది దాన్నే. ఈ ట్రే అంచున సన్నని రబ్బరు ఉంది చూశారా, నీళ్లని ఆపేది ఇదే. సిమ్ మార్చినప్పుడు ఇది మెలిక పడకుండా చూసుకోండి. స్క్రీన్ బయట మార్పించారంటే ఆ ఐపీ రేటింగ్ ఇక లేదనే అనుకోండి, లోపలి జిగురు మళ్లీ కంపెనీలో వేసినట్టు పడదు.

నీళ్ల దగ్గర నా ఓటు మోటోకి. శాంసంగ్ కూడా పనికొస్తుంది. నథింగ్‌ని చెరువు గట్టు మీదకి తీసుకెళ్లమని నేను చెప్పను.

సిగ్నల్ సంగతికొద్దాం. 2022 జూలై 26 నుంచి ఆగస్టు 1 దాకా 5జీ వేలం జరిగినప్పుడు 700 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్, అంటే సిగ్నల్ తరంగాలు, కొన్నది జియో ఒక్కటే. ఆ అక్టోబరు 1న దేశంలో 5జీ మొదలైంది. ఆ 700 మెగాహెర్ట్జ్‌నే ఫోన్ స్పెసిఫికేషన్లలో ఎన్28 అని రాస్తారు. ఎన్78 అని ఇంకోటి ఉంటుంది, అది 3300 మెగాహెర్ట్జ్ వైపుది. వేగం ఎన్78లో ఎక్కువ, కానీ టవర్ దగ్గర్లో ఉండాలి. ఎన్28 వేగం అంత ఉండకపోయినా చాలా దూరం వస్తుంది, కొబ్బరితోటలు, గోడలు దాటి ఇంట్లోకి వస్తుంది. లంక గ్రామాల వాళ్లకి ఈ తేడా చాలా పెద్దది. టవర్ ఏటికి అవతల గట్టున ఉంటే జియో 5జీలో మీకు అందేది ఎన్28 మాత్రమే కావచ్చు. ఈ మూడు ఫోన్లలోనూ రెండు బ్యాండ్లూ ఉన్నాయి, భయం లేదు. మీరు వేరే ఏదైనా ఫోన్ చూస్తుంటే, ముఖ్యంగా బయటి దేశం నుంచి చుట్టాలు తెచ్చిన ఫోన్ అయితే, బ్యాండ్ల పట్టికలో ఎన్28 ఉందో లేదో చూసుకోండి.

నరసాపురం రేవులో సఖినేటిపల్లి వెళ్లే పంటు, అంటే ఏరు దాటించే పెద్ద పడవ ఎక్కి, ఏటి మధ్యలో డబ్బులు పంపాలని చూసినవాళ్లకి తెలుస్తుంది నేనేం చెబుతున్నానో. 5జీ వస్తూ పోతూ ఉంటే ఫోన్ అదే పనిగా టవర్ వెతుక్కుంటుంది, బ్యాటరీ తినేస్తుంది. సెట్టింగ్స్‌లో ప్రిఫర్డ్ నెట్‌వర్క్‌ని 4జీకి మార్చి పెట్టండి. చెరువు దగ్గర మోటార్ స్టార్టర్‌కి ఫోన్ చేసి, చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆన్ చేసేవాళ్లకి వేగం కన్నా కాల్ తప్పకుండా కలవడమే ముఖ్యం.

ఎండ గురించి రెండు మాటలు. స్క్రీన్ వెలుతురుని నిట్లలో కొలుస్తారు. మోటో 4,500 నిట్లు, నథింగ్ 3,000, శాంసంగ్ 1,900 అని ప్రకటనల్లో ఉంటుంది. ఇవన్నీ స్క్రీన్‌లో చిన్న భాగం మీద కాసేపు వచ్చే గరిష్ఠ వెలుతురు. ఎండలో స్క్రీన్ మొత్తం వెలిగేటప్పుడు నథింగ్ 1,300, శాంసంగ్ 1,200 నిట్ల దగ్గర ఉంటాయి. కాబట్టి ఆ పెద్ద అంకెలు చూసి కొనేయకండి. మిట్టమధ్యాహ్నం గట్టు మీద నిలబడి వాట్సాప్‌లో కౌంట్ రేట్లు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్నిబట్టి ఇచ్చే ధరలు, చదువుకోవడానికి మూడూ సరిపోతాయి.

కెమెరా దగ్గర నాకు కాస్త మాట్లాడాలని ఉంది, ఎందుకంటే రొయ్య రైతుకి కెమెరా అంటే సరదా కాదు. తెల్లవారుజామున మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తి, రొయ్యని అరచేతిలో పెట్టుకుని, టార్చ్ వెలుగులో ఫొటో తీసి టెక్నీషియన్‌కి పంపుతారు. ఆయన చూసేది పేగు నిండుగా ఉందా, తెగి తెగి ఉందా, పెంకు మీద తెల్ల మచ్చలేమైనా ఉన్నాయా అని. ఫొటో మసకగా వచ్చిందంటే ఆయనేం చెప్పగలడు? చెయ్యి తడి, వెలుతురు తక్కువ, రొయ్య కదులుతుంటుంది. మూడింటికీ మెయిన్ కెమెరా 50 మెగాపిక్సెలే, మూడింటికీ చెయ్యి వణుకుని సర్దే ఓఐఎస్ ఉంది. నథింగ్‌కి వేరేగా రెండింతల జూమ్ ఉన్న 50 మెగాపిక్సెల్ టెలిఫొటో లెన్స్ ఉంది. దాంతో ఫోన్‌ని కాస్త వెనక్కి పట్టుకుని తీయొచ్చు, మన నీడ రొయ్య మీద పడదు. అదే లెన్స్ కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో జనం వెనకాల నిలబడి ప్రభని తీయడానికీ బాగుంటుంది. మోటోలో వైడ్ కెమెరాయే దగ్గరి వస్తువులకి కూడా ఫోకస్ చేస్తుంది, పేగు గీత స్పష్టంగా తీయొచ్చు. శాంసంగ్‌లో 5 మెగాపిక్సెల్ మాక్రో వేరేగా ఇచ్చారు. దాని జోలికి పోకుండా మెయిన్ కెమెరాతో కాస్త దూరం నుంచి తీసి తర్వాత కత్తిరించుకోవడమే మేలు. కెమెరాలో మొత్తం మీద నథింగే ముందుంది, ఆ మాట గట్టిగా చెబుతున్నాను. అది నీళ్లకి కూడా ఆగేదై ఉంటే ఈ వీడియో ఇంత సేపు అక్కర్లేకపోయేది.

బ్యాటరీ మోటోలో 5,500 ఎంఏహెచ్, మిగతా రెండింటిలో 5,000. ఛార్జింగ్ మోటో 68 వాట్లు, నథింగ్ 50, శాంసంగ్ 45. పైగా మోటో డబ్బాలోనే ఛార్జర్ ఇస్తున్నారు, మిగతా రెండింటికీ విడిగా కొనాలి, ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు లంకల్లో కరెంటు లేక జనం పడ్డ ఇబ్బంది మన వాళ్లెవరూ మర్చిపోలేదు. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున, కరెంటు ఉన్న కాస్త సేపట్లో ఎంత ఛార్జ్ ఎక్కితే అంత ధైర్యం.

మెమరీ దగ్గర కూడా మోటోయే. 256 జీబీతో మొదలవుతుంది, కార్డు కూడా వేసుకోవచ్చు. శాంసంగ్, నథింగ్ రెండూ 128తో మొదలవుతాయి, రెండింటికీ కార్డు లేదు. వాట్సాప్ గ్రూపుల్లో మేత కంపెనీల వీడియోలు, పెళ్లిళ్ల వీడియోలు నిండిపోయే ఫోన్‌కి 128 చాలదు.

మరి శాంసంగ్‌కి అంత డబ్బు ఎందుకు పెట్టాలి? అప్‌డేట్ల కోసం. ఆరు ఆండ్రాయిడ్ వెర్షన్లు, ఆరేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామన్నారు, అంటే 2031 దాకా. నథింగ్‌కి మూడు వెర్షన్లు, ఆరేళ్ల సెక్యూరిటీ. మోటోకి మూడు వెర్షన్లు, నాలుగేళ్ల సెక్యూరిటీ. ఫోన్ బాగానే ఉన్నా ఆండ్రాయిడ్ పాతదైపోతే బ్యాంకు యాప్‌లు ఒక్కొక్కటిగా పనిచేయడం మానేస్తాయి. అమ్మకి కొనిచ్చి చాలా ఏళ్లు మార్చకూడదు, ఆవిడ ఎక్కువగా ఇంట్లోనే వాడతారు అనుకుంటే శాంసంగ్ తీసుకోండి. స్క్రీన్ చదునుగా ఉంటుంది, ఏ సెంటర్లోనైనా టెంపర్డ్ గ్లాస్ వేయించుకోవచ్చు. ప్రాసెసర్ మాత్రం మిగతా రెండింటికన్నా మెల్లగా ఉంటుంది, ఆ ధరకి ఇది నాకు నచ్చలేదు.

మోటోలో నాకు నచ్చనిది అంచులు వంగిన స్క్రీన్. చూడ్డానికి అందంగా ఉంటుంది, కింద పడితే ముందు తగిలేది ఆ అంచే. మామూలు గ్లాస్ దానికి అతకదు. అందుకని కొన్న రోజే నాలుగు మూలలూ ఎత్తుగా ఉండే రబ్బరు కేస్ వేయండి, అందం గురించి ఆలోచించొద్దు. అయినా సరే, ఉండి తమ్ముడూ, మీ నాన్నగారికి మోటోయే తీసుకో. కాలేజీకి వెళ్లే చెల్లి, తమ్ముడు ఫొటోలు బాగా తీసుకోవాలంటే నథింగ్.

కొనేముందు మీకు దగ్గర్లో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఎక్కడుందో చూసుకోండి. రాజోలు వాళ్లు చించినాడ వంతెన దాటి పాలకొల్లు, భీమవరం దాకా వెళ్లాలంటే ఒక పూట పని పోతుంది. షాపులో డబ్బా మీ ఎదురుగానే తెరిపించండి. స్టార్ హ్యాష్ 06 హ్యాష్ నొక్కితే ఒక్కో ఫోన్‌కి వేరేగా ఉండే ఐఎంఈఐ నంబరు వస్తుంది, అది డబ్బా మీద ఉన్నదీ, బిల్లు మీద రాసిందీ ఒకటేనా చూడండి. కేవైఎం అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి ఆ నంబరు వేసి 14422కి మెసేజ్ పెడితే ఆ ఫోన్ వివరాలు తిరిగి వస్తాయి. మోడల్ పేరు వేరేగా వచ్చిందంటే డబ్బు కట్టకండి. బిల్లు లేకుండా వెయ్యి తగ్గిస్తామంటే ఒప్పుకోకండి. ఫోన్ పోయినా, ఎవరైనా ఎత్తుకెళ్లినా ప్రభుత్వ టెలికాం శాఖ సంచార్ సాథీ సైటులో బ్లాక్ చేయించడానికి పోలీసు ఫిర్యాదుతో పాటు ఆ బిల్లు, ఆ నంబరు పనికొస్తాయి. ఇంటికి రాగానే బిల్లుని ఒక ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కి పంపి ఉంచండి. ఉంటానండి.