పేరు ఎవరిది? యంత్రం ఎవరిది? – చిన్న వ్యాపారులకు ట్రేడ్‌మార్క్, పేటెంట్ చట్టాలు

[తెరపై: నెల్లూరు ట్రంకు రోడ్డు, దుకాణాల బోర్డులు]

నమస్కారం. నెల్లూరులో ఇరవై ఏళ్లుగా ఒకే పేరుతో మలై కాజా అమ్ముతున్న దుకాణం ఒకటి ఉందనుకుందాం. జీఎస్టీ నంబరు, ఆహార భద్రత లైసెన్సు, నగరపాలక సంస్థ ఇచ్చిన ట్రేడ్ లైసెన్సు అన్నీ సక్రమంగా ఉన్నాయి కనుక పేరు కూడా తమదేనని యజమాని ధీమాగా ఉంటారు. అవన్నీ వ్యాపారం చేసుకోవడానికి ఇచ్చిన అనుమతులే తప్ప పేరు మీద హక్కు పత్రాలు కావు. ఆ హక్కును తేల్చేది 1999 నాటి ట్రేడ్‌మార్క్‌ల (వ్యాపార గుర్తుల) చట్టం.

[తెరపై: బోర్డు మీద 'నెల్లూరు మలై కాజా' అన్న మాటలు]

ఈ మూడు మాటల్లో ఏదీ ఒక్కరి సొత్తు కాదు. సరుకు ఏమిటో, ఏ ఊరిదో మాత్రమే చెప్పే మాటలను, దీర్ఘకాలపు వాడుక వల్ల అవి ఒక్క వ్యాపారినే గుర్తుచేస్తున్నాయని రుజువైతే తప్ప, నమోదు చేయకూడదని 9వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి హైదరాబాదులో 'నెల్లూరు చేపల పులుసు' అని బోర్డు పెట్టిన ప్రతి హోటలుకూ నోటీసు పంపాలని ఉబలాటపడేవారు ఆ ఖర్చు మిగుల్చుకోవడం మంచిది. మీరు రక్షించుకోవలసింది ఊరి పేరు పక్కన మీరు చేర్చుకున్న ప్రత్యేకమైన మాటను, బొమ్మను. పాత నెల్లూరు జిల్లాలోని వెంకటగిరి చీరల వంటి వాటికి ఉన్న భౌగోళిక గుర్తింపు వేరే చట్టం కిందిది. అది ఆ ప్రాంతపు ఉత్పత్తిదారులందరిదీ.

నమోదుకు ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేయవచ్చు; మన రాష్ట్రం చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తుంది. నమోదు కోసం సరుకులను, సేవలను తరగతులుగా విభజించారు: మిఠాయిలు 30వ తరగతి, హోటలు సేవలు 43వ తరగతి. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఒక్కో తరగతికి రుసుము 4,500 రూపాయలు. దరఖాస్తు ట్రేడ్‌మార్క్ జర్నల్ అనే అధికారిక పత్రికలో ప్రచురితమయ్యాక ఇతరులు అభ్యంతరం చెప్పడానికి 4 నెలల గడువుంటుంది. నమోదు 10 ఏళ్లకు చెల్లుతుంది, మళ్లీ మళ్లీ పొడిగించుకోవచ్చు.

[తెరపై: పాత బిల్లు పుస్తకం, తేదీ కనిపించేలా]

మరి మీకంటే ముందు ఇంకెవరో అదే పేరును నమోదు చేయించుకుంటే? చాలామంది ఇక్కడే చేతులెత్తేస్తారు, అది తొందరపాటు. ముందునుంచీ పేరును నిరంతరాయంగా వాడుతున్నవారిని నమోదుదారు అడ్డుకోలేరని 34వ సెక్షన్ అంటుంది. తిరునెల్వేలిలోని 'ఇరుట్టుకడై హల్వా' పేరు మీద నడిచిన వివాదంలో ఇరుపక్షాలకూ నమోదు ఉన్నప్పటికీ, ముందు వాడుకదారు హక్కే బలమైనదని సుప్రీంకోర్టు 2015లో తీర్పు చెప్పింది. అయితే ముందు వాడామని నోటిమాటగా చెబితే సరిపోదు. తేదీ ఉన్న బిల్లులు, పత్రికలో వేసిన ప్రకటన, ముద్రణాలయం ఇచ్చిన డబ్బాల రసీదు, పన్ను రిటర్నులు కావాలి. పాత బిల్లు పుస్తకాలను తూకానికి అమ్మేసే అలవాటు మన దుకాణాల్లో ఎక్కువ. కనీసం ఏడాదికి ఒకటైనా దాచండి.

[తెరపై: రొయ్యల చెరువులో తిరుగుతున్న ఏరేటర్]

పేటెంటు, అంటే కొత్త ఆవిష్కరణ మీద ఇచ్చే హక్కు, దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క తిరగబడుతుంది. పేరును ఎంత బహిరంగంగా వాడితే హక్కు అంత గట్టిపడుతుంది. యంత్రాన్ని దరఖాస్తుకు ముందే బహిరంగం చేస్తే దాని కొత్తదనమే పోతుంది. తక్కువ కరెంటుతో నడిచే ఏరేటర్‌ను (చెరువు నీటిలోకి గాలి కలిపే యంత్రాన్ని) రూపొందించిన మెకానిక్, ఆ సంబరంలో లోపలి అమరిక అంతా కనిపించేలా వీడియో తీసి పెట్టినా, నాలుగు చెరువులకు అమ్మినా, ఆ తరువాత వేసిన దరఖాస్తుకు ఆ వీడియో, ఆ అమ్మకాలే అడ్డుపడతాయి. పైగా ఉన్న యంత్రానికి ఎవరికైనా తట్టే చిన్న మార్పు చేస్తే 1970 నాటి పేటెంట్ల చట్టం కింద పేటెంటు రాదు. నమూనా ఇంకా పూర్తి కాకపోతే తాత్కాలిక వివరణతోనే దరఖాస్తు వేసి, తేదీని ఖాయం చేసుకుని, 12 నెలల్లోగా పూర్తి వివరణ ఇవ్వవచ్చు. వ్యక్తులకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు. పరీక్ష రుసుము, వివరణ రాసిపెట్టే ఏజెంటు ఫీజు దీనికి అదనం. అసలు బరువు ఆ ఏజెంటు ఫీజుదే కనుక దాన్ని ముందే మాట్లాడుకోండి.