కట్టగలవా అని అడిగేవాళ్లు

అందరికీ నమస్కారం.

పార్కింగ్ టికెట్ వస్తే మనం ఏం చేస్తాం? కాస్త విసుక్కుని, ఫోన్‌లోనే డబ్బు కట్టేసి మర్చిపోతాం. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని ఫెర్గూసన్ అనే ఊళ్లో ఒక నల్లజాతి మహిళ 2007లో ఒక్కసారి కారు పెట్టకూడని చోట పెట్టింది. రెండు టికెట్లు రాశారు. ఫైను 151 డాలర్లు, పైన ఫీజులు.

ఆమె చేతిలో అంత డబ్బు లేదు. కొన్నాళ్లు ఉండటానికి ఇల్లు కూడా లేదు. వాయిదాకు రాలేదనీ డబ్బు కట్టలేదనీ మూడేళ్లలో ఏడు కేసులు పెట్టారు. ప్రతిసారీ వారంట్, ప్రతిసారీ కొత్త ఫైను. రెండుసార్లు అరెస్టయింది, ఆరు రోజులు జైల్లో ఉంది. ఒకసారి 25 డాలర్లు, ఇంకోసారి 50 డాలర్లు పంపితే, మొత్తం కడితేనే తీసుకుంటామని కోర్టు తిప్పి పంపింది. నాకు ఇక్కడే గుండె పట్టేస్తుంది. ఎక్కడెక్కడ సర్దితే వచ్చి ఉంటుంది ఆ పాతిక డాలర్లు! 2014 డిసెంబరు నాటికి ఆమె 550 డాలర్లు కట్టేసింది. ఇంకా 541 బాకీ ఉంది.

2014లో ఇదే ఊళ్లో మైకేల్ బ్రౌన్ అనే నల్లజాతి కుర్రాణ్ని పోలీసు కాల్చి చంపిన తర్వాత, 2015 మార్చిలో అమెరికా న్యాయశాఖ ఇచ్చిన నివేదికలో ఉన్న సంగతి ఇది. ఊళ్లో నల్లజాతివారు 67 శాతం, 2012-14 మధ్య అరెస్టయినవాళ్లలో 93 శాతం. ఫైన్ల రాబడి పెంచమని నగర అధికారులే పోలీసుల మీద ఒత్తిడి పెట్టారు. దాదాపు 21 వేల జనాభా ఉన్న ఊళ్లో 2013 ఒక్క ఏడాదే కోర్టు 9 వేలకు పైగా వారంట్లు ఇచ్చింది.

చట్టం లేక కాదు. ఎందుకు కట్టలేకపోయాడో విచారించకుండా పేదవాణ్ని జైల్లో పెట్టకూడదని 1983లోనే బియర్డెన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట లేచి గుర్తుచేయడానికి పక్కన లాయరుండాలి కదా.

ఫెర్గూసన్ దగ్గరి నగరం సెయింట్ లూయిస్‌లో 2009లో మొదలైన ఆర్చ్‌సిటీ డిఫెండర్స్ అనే, పేదల తరఫున వాదించే సంస్థ లాయర్లు ఆ పని చేశారు. టికెట్లు, చిన్న తప్పుల కేసులు చూసే మున్సిపల్ కోర్టుల్లో కూర్చుని జరిగేదంతా రాసుకున్నారు, తర్వాత దావాలు వేశారు. పక్కనే ఉన్న జెన్నింగ్స్ ఊరు 2016లో 47 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఫైను కట్టలేక జైల్లో పడ్డ దాదాపు 2,000 మందికి ఆ డబ్బు.

లా చదువుతున్న పిల్లలెవరైనా ఇక్కడ ఉంటే, అయ్యాక నన్ను కలవండి. మీ ఊరి మున్సిపల్ కోర్టుకు ఒక పూట వెళ్లి వెనక బెంచీలో కూర్చుందాం. 'నువ్వు కట్టగలవా' అని జడ్జి ఎంతమందిని అడిగారో రాసుకుందాం.