నోటిఫికేషన్‌లో మీ లోగో తెల్ల బిళ్లలా ఎందుకు కనిపిస్తుంది?

అందరికీ నమస్కారం. అనంతపురంలో ఇంజనీరింగ్ చదివే ఒక తమ్ముడు మనకు స్క్రీన్‌షాట్ పంపాడు. చుట్టుపక్కల మార్కెట్ యార్డుల్లో ఆ రోజు వేరుశనగ ఎంత పలికిందో రైతుల ఫోన్లకు పంపే యాప్ చేశాడు. చాలా మంచి పని. లోగో కూడా ముచ్చటగా ఉంది. ఆకుపచ్చ గుండ్రం, మధ్యలో మట్టిరంగు కాయ, కాయ మీద గళ్ల గీతలతో సహా గీశాడు. కానీ నోటిఫికేషన్ వచ్చేసరికి ఫోన్ పైపట్టీలో కాయ లేదు, ఉత్త తెల్ల బిళ్ల ఉంది. “అన్నా, ఎన్ని పీఎన్‌జీలు మార్చినా ఇంతే వస్తోంది” అంటున్నాడు.

తమ్ముడూ, ఫైల్ మారిస్తే ఇది పోదు. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0 నుంచి ఆ చిన్న ఐకాన్ రంగుల్ని సిస్టమ్ పట్టించుకోదు. ప్రతి పిక్సెల్ దగ్గరా అది చూసేది ఒక్కటే, ఇక్కడ బొమ్మ ఉందా, ఖాళీగా ఉందా అని. ఆ సమాచారం ఉండేది ఆల్ఫా చానెల్‌లో, అంటే బొమ్మ ఫైల్‌లో పారదర్శకతను చెప్పే భాగంలో. బొమ్మ ఉన్నచోటల్లా తన రంగు, తెలుపో నలుపో, పూసేస్తుంది. మండీల్లో బస్తాల మీద మార్కు వేసే రేకు చూసే ఉంటారు. రేకు ఏ రంగుదైనా సరే, బస్తా మీద పడేది దాని ఆకారం, డబ్బాలోని రంగు. నీ ఆకుపచ్చ గుండ్రం, మట్టిరంగు కాయ రెండూ సిస్టమ్ లెక్కలో బొమ్మే. అందుకే కలిసిపోయి ఒకే బిళ్ల అయ్యాయి. జేపీజీలో అయితే పారదర్శకతే ఉండదు, నిండు చదరం వస్తుంది.

మరి కాయను ఎలా గీయాలి? ముందు గుండ్రం తీసేయండి. గళ్ల గీతలూ తీసేయండి, అంత చిన్న సైజులో అవి మసకలా కనిపిస్తాయి తప్ప గీతల్లా కనిపించవు. ఇక మిగిలింది కాయ ఆకారం. నిలువుగా పెడితే అచ్చం ఎనిమిది అంకెలా ఉంటుంది, అందుకే ఏటవాలుగా వాల్చండి. నాకు నచ్చేది పగలగొట్టిన కాయ. చిప్ప నిండుగా, లోపల రెండు గింజలూ రెండు రంధ్రాలుగా. గింజలకు తెలుపు రంగు వేయకండి, ఆ చోటు నిజంగా ఖాళీగా, పారదర్శకంగా ఉండాలి. 24 యూనిట్ల గడిలో గీస్తున్నారనుకుంటే, రెండు గింజల మధ్య కనీసం 2 యూనిట్ల చిప్ప మిగలాలి. అంచుల్లోనూ చుట్టూ 2 వదలండి.

ఇంత పట్టింపు ఎందుకంటే, యార్డులో ఎండలో నిలబడిన రైతు ఫోన్‌లో అప్పటికే నాలుగైదు ఐకాన్లు ఉంటాయి. వాటిలో ధర కబురు ఏదో చూపు పడగానే తెలియాలి. తెల్ల బిళ్ల ఆ కబురు చెప్పదు. సరుకు అమ్ముకునే రోజున ఆ తేడా చిన్నది కాదు.

సైజులు చెప్పేస్తాను. మామూలు సాంద్రత ఉన్న స్క్రీన్‌కి (ఎండీపీఐ) 24 పిక్సెళ్లు, ఇంకా దట్టమైన స్క్రీన్లకు వరసగా 36, 48, 72, 96. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఇమేజ్ అసెట్ తెరిచి, నోటిఫికేషన్ ఐకాన్స్ ఎంచుకుంటే అన్నీ అదే చేసిపెడుతుంది. ఆకుపచ్చను వదులుకోలేకపోతే ‘సెట్ కలర్’లో ఇవ్వండి, నోటిఫికేషన్‌ను కిందికి లాగి చూసినప్పుడు చాలా ఫోన్లలో ఆ రంగు కనిపిస్తుంది. రంగుల లోగో మొత్తం కావాలంటే దానికి ‘లార్జ్ ఐకాన్’ ఉంది.

ఇప్పుడు చాలామందిని తిప్పలు పెట్టే చోటు. యాప్ తెరిచి ఉన్నప్పుడు ఐకాన్ బాగానే వస్తుంది, మూసేస్తే మళ్లీ బిళ్ల. ఫోన్లకు మెసేజ్‌లు పంపిపెట్టే గూగుల్ సేవ ఫైర్‌బేస్ నుంచి నోటిఫికేషన్ మెసేజ్ పంపితే, యాప్ ముందున్నప్పుడు మీ కోడ్ నడుస్తుంది, అందులో పెట్టిన ఐకానే వస్తుంది. యాప్ వెనక ఉన్నప్పుడు మీ కోడ్‌తో పని లేకుండా ఫైర్‌బేసే చూపించేస్తుంది. అది మ్యానిఫెస్ట్‌లో, అంటే యాప్ వివరాలు రాసుకునే ఫైల్‌లో, ‘డీఫాల్ట్ నోటిఫికేషన్ ఐకాన్’ అనే మెటా డేటా కోసం వెతుకుతుంది. దొరక్కపోతే లాంచర్ ఐకాన్‌నే, అంటే యాప్ తెరవడానికి నొక్కే బొమ్మనే, తెల్లగా మార్చి పెడుతుంది. ఆ ఒక్క ట్యాగ్ రాస్తే సగం టెన్షన్ తీరుతుంది.

ఐఫోన్‌లో ఈ బాధ లేదు, అక్కడ నోటిఫికేషన్ పక్కన యాప్ ఐకానే రంగులతో సహా వస్తుంది.

అంతా అయ్యాక యాప్ తెరిచి ఒకసారి, మూసి ఒకసారి నోటిఫికేషన్ పంపండి. లైట్ థీమ్‌లో, డార్క్ థీమ్‌లో చూడండి. తర్వాత ఫోన్‌ను ఎండలోకి తీసుకెళ్లి, యాప్ సంగతి తెలియని పెద్దాయన ఎవరికైనా పైపట్టీ చూపించి ఇదేంటని అడగండి. శనక్కాయ అన్నారంటే ఐకాన్ సిద్ధమైనట్టే. ఎనిమిది అన్నారంటే కాయను ఇంకాస్త వాల్చి, గింజల రంధ్రాలు పెద్దవి చేసి మళ్లీ పంపండి.