బుధుడి మీద తెల్లచారలు

శ్రోతలకు నమస్కారం.

బుధగ్రహం ఉత్తరభాగంలో హొకుసాయ్ అనే బిలం, అంటే గ్రహశకలం గుద్దితే ఏర్పడిన పెద్ద గుంత, ఉంది. వెడల్పు సుమారు 100 కిలోమీటర్లు. దాన్నుంచి చిమ్మిన తెల్లచారలు మాత్రం వేల కిలోమీటర్లు పాకాయి. గ్రహం వ్యాసమే 4,880 కిలోమీటర్లు, అంటే ఊహించుకోండి!

1991లో భూమి మీది రాడార్‌కు ఇది మొదట ఒక మెరిసే మచ్చలా దొరికింది. అగ్నిపర్వతమేమోనని కూడా అనుకున్నారు. తర్వాత ప్యూర్టోరికోలోని అరెసిబో రాడార్ చిత్రాల్లో చారలు విడిగా కనిపించాక అనుమానం తీరింది. రాడార్‌కు మెరుపంటే తెలుపు కాదు, గరుకు. కొత్తగా చెల్లాచెదరైన రాళ్లు రేడియో తరంగాలను గట్టిగా వెనక్కి కొడతాయి.

మామూలు కెమెరాకు ఆ చారలు తెల్లగా ఎందుకు కనిపిస్తాయి? గ్రహశకలం గుద్దినప్పుడు లోపలి రాయి పిండి అయి పైకి లేస్తుంది. అడ్డుకునే గాలి లేదు కాబట్టి విసిరినంత దూరం పోయి పడుతుంది. పడ్డచోట ఊరికే పరుచుకోదు, అక్కడి నేలను చిన్నచిన్న గుంతలుగా తవ్వి తాజా మట్టిని బయటికి తీస్తుంది. అందుకే చారల్లో చాలావరకు స్థానిక సరుకే. ఆ తాజాదనం శాశ్వతం కాదు. సౌరపవనం, అంటే సూర్యుడి నుంచి వీచే కణాల ప్రవాహం, సూక్ష్మ ఉల్కలు కలిసి పైపొరను నెమ్మదిగా నల్లబరుస్తాయి. బుధుడు సూర్యుడికి దగ్గర, పైగా అక్కడ పడే రాళ్ల వేగం ఎక్కువ. కాబట్టి చందమామ మీదకన్నా ఈ పని త్వరగా జరుగుతుంది. ఇంకా చారలు చెరగలేదంటే ఆ బిలం వయసు తక్కువని లెక్క. బుధుడి చరిత్రలో చివరి యుగానికి కైపర్ అనే చారల బిలం పేరే పెట్టారు. 1974లో మారినర్-10 అంతరిక్ష నౌక దగ్గరవుతూనే గుర్తుపట్టిన బిలం అది.

సరే, చారలు విడివిడి గీతలుగా ఎందుకొస్తాయి, గుండ్రంగా పరుచుకోకుండా? ఇంట్లోనే చూడవచ్చు. లోతైన పళ్లెంలో నాలుగైదు సెంటీమీటర్ల మందాన బియ్యప్పిండి పోసి, పైన రాగిపిండి పల్చగా జల్లండి. మీటరు ఎత్తు నుంచి గోళీ వదలండి. పైభాగాన్ని నున్నగా చదును చేస్తే చుట్టూ ఒకే వలయం వస్తుంది. చారలు కావాలంటే పిండిని ఎగుడుదిగుడుగా వదిలేయాలి. జపాన్‌లోని ఒకినావా శాస్త్రవేత్తలు 2018లో దీన్నే రుజువు చేశారు. నేల మీది ఎత్తుపల్లాలే చారలను విడగొడతాయట.

ఒక జాగ్రత్త. తెల్లగా ఉన్నదల్లా చార కాదు. మన త్యాగరాజస్వామి పేరున్న బిలం కూడా బుధుడి మీద ఉంది. వెడల్పు దాదాపు 97 కిలోమీటర్లు. మెసెంజర్ నౌక చిత్రాల్లో దాని అడుగు మెరుస్తూ కనిపిస్తుంది. ఆ మెరుపు గుద్దుడు చిమ్మింది కాదు. నేలలోని తేలిగ్గా ఆవిరయ్యే పదార్థాలు ఎగిరిపోగా ఏర్పడిన లోతు తక్కువ గుంతలవని నిపుణుల అభిప్రాయం.

బుధుడి చారలు బైనాక్యులర్‌కు అందవు. చందమామ దక్షిణాన ఉన్న టైకో బిలం చారలైతే పది రెట్లు పెంచే బైనాక్యులర్‌కు చక్కగా అందుతాయి. పౌర్ణమినాడే చూడండి. ఎండ నేరుగా పడితేనే తెలుపు-నలుపు తేడా తెలుస్తుంది. అష్టమినాడు బిలాల గోడలు, నీడలు బాగుంటాయి కానీ చారలు వెలవెలబోతాయి.