గార పండ్లకు నూనె మందు కాదు

అందరికి నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు అధ్యక్షులవారు ఇప్పుడే చదివిన్రు, నేను మళ్ల చదవ. ఈ పింఛనుదార్ల సంఘంల నెలనెలా ఆరోగ్యం మీద ఒకరితోని మాట్లాడిస్తున్నరు, ఈసారి నన్ను పిలిచిన్రు. ఆయిల్ పుల్లింగ్ గురించి చెప్పమన్నరు. చెప్తా. దాంతోపాటు ఇంకో ముచ్చట ఉన్నది, అది చెప్పనిదే ఈ మైకు ఇడువ.

నూనె పుక్కిట పట్టుడు మనకు పాత అలవాటే. చరక సంహిత సూత్రస్థానం అయిదో అధ్యాయంల దినచర్య చెప్పే కాడ ఇది వస్తది. దవడలకు బలం, గొంతుకు బలం, నోటికి రుచి, పెదవులు పగలకపోవుడు, పండ్ల కుదుళ్లు గట్టిపడుడు, పులుపు తింటే జివ్వుమనకపోవుడు, ఇవన్ని రాసిన్రు. నోరు కదపరాకుండ నిండ పట్టుకుంటే గండూషం. తిప్పనీకి జాగ ఉంచి పట్టుకుంటే కవళం. మనం ఇయ్యాల చేసేది కవళం కిందికి వస్తది. ఇంకో పాత ఆయుర్వేద పండితుడు వాగ్భటుడైతే అయిదేండ్లలోపు పిల్లలకు కవళం వద్దన్నడు. ఇది మనుమలు మనుమరాండ్లు ఉన్నోళ్లు గుర్తు పెట్టుకోవాలె.

1990ల్ల మన తెలుగు పత్రికలల్ల దీని గురించి ఎంత ప్రచారం జరిగిందో మీకు యాదికుండే ఉంటది. కరాచ్ అని ఓ డాక్టర్ పేరు చెప్పి, సన్‌ఫ్లవర్ నూనె పుక్కిట పడితే షుగర్ పోతది, ఆస్తమా పోతది, కీళ్ల నొప్పులు పోతయన్నరు. పొద్దుగాల లేస్తే ఇంటింటికి బుగ్గలు ఉబ్బించుకొని, సైగలతోని మాట్లాడేటోళ్లు. షుగర్ గోళీలు బంద్ పెట్టి నూనె మీద ఆధారపడ్డోళ్లు గూడ ఉన్నరు. అమ్మల్లారా, అయ్యల్లారా, అట్ల ఎవ్వరు చేయకున్రి. నోట్ల పోసుకొని ఉమ్మేసే నూనెతోని షుగర్ తగ్గదు.

మరి నోటికి పనిచేస్తదా? కొంత చేస్తది. చెన్నైల చేసిన చిన్న అధ్యయనాలల్ల నువ్వుల నూనెతోని పండ్ల మీద పాచి, చిగుర్ల వాపు తగ్గినట్టు తేలింది. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్‌తోని పోల్చి గూడ చూసిన్రు. కానీ అవి కొద్దిమంది మీద, కొద్ది రోజులు చేసినవి. అందుకే అమెరికన్ డెంటల్ అసోసియేషన్ దీన్ని సిఫారసు చేయలేదు. నా మాట ఏందంటే, చేయాలనుకున్నోళ్లు చేయున్రి, బ్రష్ మాత్రం ఇడువకున్రి.

పొద్దుగాల పరగడుపున చెంచెడు నువ్వుల నూనె నోట్ల పోసుకొని, మెల్లగ పండ్ల సందులల్లకెళ్లి తిప్పాలె. పది పదిహేను నిమిషాలకు అది ఎంగిలితోని కలిసి తెల్లగ, పల్చగ అయితది. ఉమ్మేయాలె, మింగొద్దు. సింకుల ఉమ్మితే పైపు జామ్ అయితది, చెత్తడబ్బల ఉమ్మున్రి. తర్వాత నీళ్లతోని పుక్కిలించి బ్రష్ చేసుకోవాలె. కట్టుడు పండ్లు ఉన్నోళ్లు అవి తీసి చేయున్రి. పక్షవాతం వచ్చి మింగుడు కష్టమైనోళ్లు, మాటిమాటికి పొరబోయేటోళ్లు అసలే చేయొద్దు. నూనె ఊపిరితిత్తులల్లకు జారితే నిమోనియా వస్తది, అది తొందరగ తగ్గదు.

ఇగ నా ముచ్చట. నేను మన నల్గొండ జిల్లా మర్రిగూడ దిక్కు ఊర్లల్ల చానేండ్లు నర్సమ్మగ పనిచేసిన. ఆ దిక్కు గార పండ్లు లేని ఇల్లు దొరకకపోయేది. ఓ ఇంట్ల ఆడిపిల్లకు సంబంధాలు చూస్తున్నరు. వచ్చినోళ్లు పిల్లను చూస్తరు, నవ్వమంటరు, పోతరు, మళ్ల ఫోన్ రాదు. గట్లున్నప్పుడు ఒకాయన బండి మీద వచ్చి ఏదో నూనె సీసా అమ్మిండు. నలభై రోజులల్ల పండ్లు ముత్యాలైతయన్నడు. ఆ తల్లి కూలి పైసలు పెట్టి కొన్నది. ఆ పిల్ల పొద్దుగాల, మాపటికి గంట గంట నోట్ల పట్టింది. రంగు మారకపోయేసరికి ఉప్పు, బొగ్గు కలిపి రుద్దింది. చిగుర్లు పుండ్లై నెత్తురు కారుతుంటే నా కాడికి తోల్కొచ్చిన్రు. నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నన్ను ఒక్కటే అడిగింది: "నర్సమ్మా, నేను సక్కగ కడుగుతలేనా?"

వింటున్నరా? సక్కగ కడుగుతలేనా అని! పాపం, ఆ పిల్ల తప్పేమున్నది? ఆ గార పండ్ల మీద పట్టిన పాచి కాదు. పండు దవడ ఎముక లోపల తయారయ్యే వయసుల, అంటే ఎనిమిదేండ్లలోపు, ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు తాగితే, ఎనామిల్, అంటే పండు మీది గట్టి పొర, తయారైతున్నప్పుడే చెడిపోతది. ఆ మచ్చ లోపల్నే ఉంటది. కుండ కాల్చకముందు మట్టిల కలిసిన రంగు కాల్చినంక కడిగితే పోతదా? లీటర్ నీళ్లకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన ఊర్ల బోర్లల్ల దానికి ఎన్నో రెట్లు ఉండె. పండ్లే కాదు, ఎముకలు వంగి నడుములు వంకర్లు పోయిన మనుషులను మీరు గూడ చూసిన్రు.

ఫ్లోరైడ్ నీళ్లను పటిక, సున్నంతోని శుద్ధి చేసే పద్ధతికి నాగపూర్‌ల ఉన్న నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ సైంటిస్టులు "నల్గొండ టెక్నిక్" అని పేరు పెట్టిన్రు. ఆఫ్రికాల టాంజానియా దాక పోయింది ఆ పేరు. ఈడ మన పిల్లలేమో నోటికి కొంగులు అడ్డం పెట్టుకొని బతికిన్రు. 2015ల చౌటుప్పల్‌ల, ఇంటింటికి నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ వేసిన్రు, కృష్ణ నీళ్లు ఊర్లకొచ్చినయి, సంతోషం. ఇప్పుడు పుట్టే పిల్లలకు మంచి పండ్లు వస్తయి, నల్లా నీళ్లు తాగితేనే. నల్లా బందైన రోజు మళ్ల బోరు కాడికి పోతే మళ్ల మొదటికే. అది మనందరం కనిపెట్టాలె.

కానీ పాత నీళ్లు తాగి పెరిగినోళ్ల సంగతేంది? వాళ్ల పండ్లకు వైద్యం ఉన్నది. మచ్చ తేలికగ ఉంటే పై పొర సన్నగ అరగదీస్తరు, బ్లీచింగ్ చేస్తరు. ముదిరితే మీద పొర అతికిస్తరు, తొడుగు పెడ్తరు. ఇవన్ని డెంటల్ డాక్టర్ చేసేవి, పైసలైతయి. కూలి చేసుకునే పిల్ల ఎక్కడ తెస్తది? గవర్నమెంటు నీళ్ల వల్ల చెడిన పండ్లకు గవర్నమెంటు దవఖానల ఉచితంగ చేయాలని అడుగుడు తప్పా? ఇది అందానికి సంబంధించిందని పక్కకు పెడ్తున్నరు. పెండ్లి ఆగిపోతే, ఇంటర్వ్యూల నోరు తెరవలేకపోతే అది అందం ముచ్చటేనా?

మీలో రిటైరైన సార్లు ఉన్నరు, మేడమ్‌లు ఉన్నరు, రెవెన్యూల చేసినోళ్లు ఉన్నరు. అర్జీ ఎట్ల రాయాలెనో నాకంటె మీకే ఎక్కువ తెలుసు. నేనొకటి రాసుకొచ్చిన, కలెక్టర్‌గారికి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు మండలాలల్ల డెంటల్ క్యాంపులు పెట్టాలె, గార పండ్లోళ్లకు ఉచిత వైద్యం చేయాలె, ఊరూరికి నల్లా నీళ్లు ఫ్లోరైడ్ పరీక్ష చేసి ఫలితం పంచాయతీ గోడ మీద రాయాలె. తప్పులుంటే దిద్దున్రి. ముందు వరుసల ఇస్తున్న, సంతకం చేసినోళ్లు ఎనుకకు పంపున్రి. నూనె గురించి అనుమానాలు ఉంటే గాలోపు అడుగున్రి.