కొత్త సీక్వెల్: రీఫండ్ గడువు రెండు గంటల్లోపే అసలు సంగతి తేల్చేద్దాం

హాయ్ అండి. నాలుగు వేలు పోసి పెద్ద ఆర్‌పీజీ (మనమే ఒక పాత్రగా మారి కథ నడిపే గేమ్) సీక్వెల్ కొనాలా, ఆగాలా? ఇవాళ స్క్రీన్ మీదే తేల్చేద్దాం. ఉదాహరణకి డ్రాగన్స్ డాగ్మా 2 తీసుకుంటున్నా. మొదటి భాగం 2012లో, ఇది 2024 మార్చి 22న. పన్నెండేళ్ల ఎదురుచూపు. రివ్యూయర్లు మంచి మార్కులే వేశారు. మొదటి వారాంతంలో స్టీమ్‌లో, అంటే పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్‌లో, ఒకేసారి రెండు లక్షల మందికి పైగా ఆడారు. కానీ రిలీజ్ రోజే అక్కడ యూజర్ రివ్యూలు చూస్తే తిట్లే తిట్లు. రెండూ అబద్ధం కాదు. అదే మనం చూడబోయేది.

సరే, స్టోర్ పేజీ తెరిచాను. నేనైతే స్టీమ్ యాప్‌లో కాకుండా బ్రౌజర్‌లోనే తెరుస్తా, మిడిల్ క్లిక్ కొడితే రివ్యూలు వేరే ట్యాబ్‌ల్లో పడతాయి, హాయి. ఇదిగో ఇక్కడ, యూజర్ రివ్యూల దగ్గరున్న "మిక్స్‌డ్" లాంటి మాట మీద మౌస్ పెట్టండి. మెచ్చుకున్నవాళ్ల శాతం కనిపిస్తుంది. ఆ మాటని మాత్రం నమ్మకండి. "మిక్స్‌డ్" అంటే 40 నుంచి 69 శాతం దాకా ఏదైనా కావచ్చు. 41 కీ 69 కీ ఒకే మాటంటే ఎలా చెప్పండి? "రీసెంట్" అంటే గత 30 రోజులు.

కిందికి రండి, గ్రాఫ్. ఈ ఎర్రటి గుట్ట, అంటే నచ్చలేదన్న రివ్యూలు, రిలీజ్ వారానివి. మౌస్‌తో లాగి ఆ రోజులే సెలెక్ట్ చేశా. ఇప్పుడు చదవండి, కోపాలు మూడు రకాలు. ఒకటి, సిటీలో ఫ్రేమ్ రేట్ (సెకనుకి తెర మీద పడే బొమ్మల సంఖ్య) పడిపోతోందని. రెండు, అన్నేసి వేలు పోసి కొన్నాక కూడా చిన్న చిన్న ఐటమ్స్ విడిగా అమ్ముతున్నారని. మూడు, మళ్లీ మొదట్నుంచి ఆడదామంటే న్యూ గేమ్ ఆప్షన్ లేదని. మూడోది తర్వాత అప్‌డేట్‌తో తీరిపోయింది. రెండోది మీ ఓపిక, ఆ ఐటమ్స్ చాలావరకు ఆటలోనే దొరుకుతాయి. మొదటిది మాత్రం మీ పీసీ మీద ఆధారపడేది, దాన్ని వేరేవాళ్ల రివ్యూ తేల్చలేదు.

ప్లేటైమ్ ఫిల్టర్ కూడా ఉంది చూడండి. పది గంటలు దాటినవాళ్లవి, నలభై దాటినవాళ్లవి పెట్టి చూడండి. ఎందుకంటే బాల్డర్స్ గేట్ 3 లాంటి నిజంగా గొప్ప గేమ్‌కి కూడా మెషీన్ మీద బరువంతా మూడో యాక్ట్‌లోని మహానగరంలో పడింది. దాదాపు మూడేళ్లు ఎర్లీ యాక్సెస్‌లో (గేమ్ పూర్తికాకముందే అమ్మే దశలో) జనం ఆడింది మాత్రం మొదటి యాక్టే. ముందు భాగాన్ని మెచ్చుకున్న రివ్యూ చివరి భాగానికి గ్యారంటీ కాదు కదా.

ఇంకో మాట, సీక్వెల్ కాబట్టి. పాత గేమ్‌లో మీరు చేసిన ఎంపికలు ఇందులోకి వస్తాయా? డ్రాగన్ ఏజ్ వెయిల్‌గార్డ్, 2024 అక్టోబర్ 31. మెషీన్ మీద చక్కగా నడిచింది. కానీ పాత గేమ్‌ల నుంచి తీసుకున్న నిర్ణయాలు మూడే మూడు. అభిమానుల అలకకి ఇదొక కారణం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి అది సమస్యే కాదు. రివ్యూల్లో గేమ్ పేరు చెప్పి వేరే గొడవలు పడేవాళ్లు కూడా ఉంటారు, ఆటలో ఒక్క సీన్ గురించి కూడా చెప్పని రివ్యూని వదిలేయండి.

ఇక అసలు స్టెప్. ఇక్కడ తొందరపడొద్దు.

డ్రాగన్స్ డాగ్మా 2లో అడవిలో, కొండల మీద గేమ్ బాగానే నడుస్తుంది. వెర్న్‌వర్త్ సిటీలోకి అడుగుపెట్టగానే బండి బురదలో దిగినట్టు అవుతుంది. కారణం, అక్కడి ప్రతి మనిషి కదలికల లెక్క సీపీయూ, అంటే పీసీ ప్రధాన ప్రాసెసర్, మీద పడుతుంది. తర్వాతి అప్‌డేట్లు కొంత తగ్గించాయి కానీ చెక్ చేయాల్సిన చోటు అదే. చిక్కేంటంటే, నింపాదిగా ఆడేవాళ్లకి వెర్న్‌వర్త్ గేటు చేరేసరికే రెండు గంటలు దాటిపోతాయి. స్టీమ్ రీఫండ్‌కి కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటల్లోపు ఉండాలి. అందుకని ముందు ఫ్రీగా ఇచ్చే క్యారెక్టర్ క్రియేటర్ దించుకోండి. అది వేరే యాప్, ముక్కూ మొహం దిద్దడానికి పట్టే గంట గేమ్ లెక్కలో పడదు. తర్వాత గేమ్‌లో దారి తప్పకుండా మెయిన్ క్వెస్ట్, సిటీకి వెళ్లే ఎద్దుబండి ఎక్కి కునుకు తీయండి. మధ్యలో గోబ్లిన్లు లేపితే లేపుతాయి.

సిటీకి వచ్చాం. స్టీమ్ సెట్టింగ్స్, ఇన్ గేమ్, పర్ఫార్మెన్స్ మానిటర్ ఆన్. ఫ్రేమ్ జనరేషన్ (మధ్యలో ఫ్రేమ్‌లు కల్పించి చేర్చే సెట్టింగ్) వేసినప్పుడు అసలు ఫ్రేమ్‌లు ఎన్ని, కల్పించినవి ఎన్ని విడిగా చూపిస్తుంది, నాకు దీన్లో నచ్చేది అదే. ఇదే పని చేసే ఎమ్ఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అలవాటైతే అదే వాడండి.

ఇప్పుడు చూడండి, సీపీయూ 45 శాతం. జీపీయూ, అంటే గ్రాఫిక్స్ కార్డ్, 60 శాతం. ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకి ఫ్రేమ్‌లు, మాత్రం 38. చాలామంది బోల్తాపడేది ఇక్కడే: "సీపీయూ సగం ఖాళీగానే ఉందిగా, తప్పు గేమ్‌దే" అనుకుంటారు. ఆ 45 అన్ని థ్రెడ్‌ల, అంటే సీపీయూ ఒకేసారి నడిపే పనుల వరుసల, సగటు. 16 థ్రెడ్‌లున్న చోట ఒక్క థ్రెడ్ పూర్తిగా నిండిపోయినా సగటులో తేలదు, మిగతావన్నీ దాని కోసం కాచుకుని కూర్చుంటాయి. కాబట్టి సీపీయూ నంబర్ కాదు, జీపీయూ నంబర్ చూడండి. జీపీయూ 95 దగ్గర లేదంటే ఆగుతున్నది వేరే చోట.

ఖాయం చేసుకోవాలంటే: రిజల్యూషన్ 1440 నుంచి 1080కి, అక్కణ్ణుంచి 720కి దించండి. అదే వీధి, అదే నడక. మళ్లీ అదే వీధి, సరేనా, వేరే చోటికెళ్తే లెక్క పాడవుతుంది. ఎఫ్‌పీఎస్ 38, 39, 39. కదల్లేదు. అంటే గ్రాఫిక్స్ కార్డ్ మార్చినా ఈ వీధిలో ఉపయోగం లేదు, సెట్టింగ్స్ తగ్గించినా అంతంతే. పెరిగిందనుకోండి, సెట్టింగ్స్‌తో సర్దుకోవచ్చు, ఉంచుకోండి.

గ్రాఫ్ కూడా చూడండి, ఫ్రేమ్ టైమ్, అంటే ఒక్కో ఫ్రేమ్‌కి పట్టే సమయం. 60 ఎఫ్‌పీఎస్‌కి 16.7 మిల్లీసెకన్లు, 30కి 33.3. గీత సమంగా 33 దగ్గరుంటే చాలామందికి పర్లేదు. 20 మిల్లీసెకన్లకీ 60కీ మధ్య ఎగురుతుంటే సగటు 40 ఎఫ్‌పీఎస్ ఉన్నా కళ్లు నొప్పెడతాయి.

ఫోన్ వస్తే పాజ్ కొట్టి వెళ్లిపోకండి, గేమ్ పూర్తిగా మూసేయండి. పాజ్‌లో ఉన్నా, మినిమైజ్ చేసినా, షేడర్లు (గ్రాఫిక్స్ కోడ్) కంపైల్ అవుతున్నా గడియారం నడుస్తూనే ఉంటుంది. ఎక్కువ డబ్బులిచ్చి రిలీజ్‌కి మూడ్రోజుల ముందు ఆడినదీ ఇప్పుడు లెక్కే. ప్రీ ఆర్డర్ మాత్రం రిలీజ్ అయ్యేలోపు ఎప్పుడైనా వెనక్కివ్వొచ్చు.

నచ్చలేదా? స్టీమ్ సపోర్ట్, పర్చేజెస్, గేమ్ పేరు, రీఫండ్ కావాలి. వాలెట్‌కా, కట్టిన పద్ధతికా అని అడుగుతుంది, మీ కార్డో యూపీఐయో చూపిస్తే అదే ఎంచుకోండి. సబ్మిట్. ఇదిగో, మెయిల్ వచ్చేసింది.